శీలమూ, తెలియనితనమూ

మా పాలకొల్లు వైపు ఆడపిల్లను "ఏమీ తెలియని పిల్ల" అంటే మెప్పు. మగపిల్లవాణ్ణి అదే మాటంటే ఎగతాళి. హెచ్.ఐ.వి.కి దారి ఈ రెండు మాటల మధ్యనే ఉన్నదని నా వాదం. అడిగితే మగతనానికి తక్కువని కుర్రవాడు అడగడు. అడిగితే శీలానికే మచ్చ అని పిల్ల నోరు విప్పదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశం మొత్తంమీద, ఈ వ్యాధిని గురించి సమగ్రంగా తెలిసినవారు పురుషులలో నూటికి 31 మంది, స్త్రీలలో 22 మందే.

చెబితే చెడిపోతారని పెద్దల భయం. చెప్పకపోతే గిరీశాలే గురువులవుతారు. (ఈనాటి గిరీశం సెల్‌ఫోనులో కాపురమున్నాడు.)

మన దేశంలో 1986లో, మద్రాసులో, ఇది మొదట బయటపడింది వేశ్యావృత్తిలోని స్త్రీలలో. పాపం అక్కడే ఉన్నది, గృహిణికి ఢోకా లేదని సంఘం ఊరట చెందింది. ఐతే ఆస్తీ జీతమూ లేక, భర్త నడవడిని ప్రశ్నించలేక, నిరోధ్ వాడమని అనలేని ఇల్లాలికి పాతివ్రత్యం ఏపాటి రక్షణ? అతడు పోతే కోడలే తెచ్చిపెట్టిందనే అత్తలున్నారు. 2017 చట్టం వివక్షను నిషేధించింది, మంచిదే. ఆ చట్టం వంటింటి గడప దాటదు. ప్రభుత్వాసుపత్రిలో మందు 2004 నుంచీ ఉచితమే. దానికోసం బస్సెక్కాలన్నా ఎక్కడికి, ఎందుకని అడిగే ఇంటికి ఆమె జవాబు చెప్పుకోవాలి.