అద్దముల నడిమి పట్టీ

జర్మనీ దేశమున వోల్ఫ్స్‌బర్గ్ నగరమందలి ఫోక్స్‌వాగన్ కర్మాగారమునుండి 1953వ సంవత్సరము మార్చి 10వ తేదీకి ముందు వెలువడిన బీటిల్ కారు వెనుకకు పోయి నిలిచి చూచినచో, వెనుకటద్దము రెండు చెక్కలై, వాని నడుమ సన్నని ఇనుప పట్టీ ముఖమున నాసికవలె నిలిచియుండును; ఆ తేదీనుండి వచ్చిన కార్లకు ఆ పట్టీ లేదు, రెండద్దములును కలిసి కోడిగ్రుడ్డువంటి ఒక్క అద్దమైనవి. మార్పు ఇంతమాత్రమే యైనచో తగవు లేకపోవును. కాని డ్రైవరు ముందరి డ్యాష్‌బోర్డు అంతకు ముందే, 1952 అక్టోబరుననే, మారిపోయినది. తలుపులకు గాలికై చిన్న త్రికోణపుటద్దములు వచ్చినవి. చక్రములు 16 అంగుళములనుండి 15 అంగుళములకు దిగినవి. ఆ అక్టోబరునకును ఈ మార్చికిని నడుమ పుట్టిన బండ్లకు, కావున, లోపలి ముఖము క్రొత్తది, వెనుక వీపు పాతది. పాత కార్లను సేకరించు జర్మనులు వీనికి ‘జ్విట్టర్’ అని పేరిడిరి. స్త్రీత్వమును పురుషత్వమును ఒక్క దేహమున గల ప్రాణి యని ఆ మాటకర్థము. అందులో కొంత వెక్కిరింత కలదు. ఒకే మేనిలో రెండు రూపములను చూచి చేతులు జోడించుటకు అలవాటుపడిన మనవారు పేరు పెట్టవలసివచ్చినచో అర్ధనారీశ్వరుడని యుందురేమో!

కర్మాగారముల పంచాంగము వేరు. మనకు ఉగాది యొకటి, జనవరి యొకటి, సర్కారు లెక్కలకు ఏప్రిల్ యొకటి యున్నట్లు, కార్లకును తమ యేడాది తమకున్నది. ఫోర్డు కంపెనీవారు మస్టాంగ్ కారును 1964 మార్చి 9న డియర్‌బోర్న్ నగరమున తయారుచేయ మొదలిడి, ఏప్రిల్ 17న న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనమున లోకమునకు చూపిరి. కంపెనీ లెక్కలో అవి యన్నియు 1965వ సంవత్సరపు కార్లే. బండి నంబరులో మొదటి అంకె 5. అయినను ఆ ఆగస్టు ప్రాంతమున డైనమో పోయి ఆల్టర్నేటరు వచ్చినది, 260 ఘనపుటంగుళముల ఎనిమిది సిలిండర్ల ఇంజనుకు బదులు 289 ఘనపుటంగుళములది వచ్చినది, డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీకి విద్యుత్తు అందుట లేదని హెచ్చరించు చిన్న దీపమున ‘జెన్’ అను మాట పోయి ‘ఆల్ట్’ అను మాట వెలసినది. అభిమానులు తొలికాన్పు బండ్లను 1964½ అని పిలుచుకొనుచున్నారు. కంపెనీ నంబరులో ఆ అరకు చోటు లేదు. అధికమాసమున పుట్టిన బిడ్డకు పుట్టినరోజు నిజమాసమున జరుపు మనకు ఇందులో వింత తోచదు.

మార్పు ఏటి నడుమ ఏల వచ్చును? ఒక భాగమున లోపము బయటపడవచ్చును, దానిని చౌకగా చేయు ఉపాయము దొరకవచ్చును, సరఫరాదారుడే మారవచ్చును. క్రొత్తది వచ్చినంతమాత్రమున పాతవానిని పారవేయువారెవరు? కొట్టులో మిగిలిన సరకు చెల్లువరకు అదియే బిగింపబడును. ఇట్లు సరిహద్దు గీతగా నుండక, ఏటి నీరు సముద్రమున కలియుచోటివలె కొంత తీపిగా కొంత ఉప్పగా నుండును.

పాత కారును బాగుచేయువారి నోట నిత్యము వినవచ్చు మాట ‘ఒరిజినల్’. కర్మాగారపు గుమ్మము దాటిన నాటి రూపమే దాని స్వరూపమనియు, తరువాత చేరినదెల్ల మాలిన్యమనియు వారి భావము. మన దర్శనములు ఈ చిక్కును చాలనాడే ఎదుర్కొన్నవి. రథమెక్కి వచ్చిన మిలింద మహారాజును, ఇరుసు రథమా, చక్రము రథమా యని అడిగి అడిగి, రథమనునది వ్యవహారమునకై పెట్టుకొన్న పేరు మాత్రమేయని ఒప్పించినాడు నాగసేన భిక్షువు. నైయాయికులు ఇందుకు ఒప్పుకొనరు. అవయవములకంటె వేరుగా అవయవి యొకటి నిజముగా కలదందురు. అట్లన్నందుకు వారు చెల్లించుకొన్న మూల్యమును తక్కువది కాదు: వస్త్రమునుండి ఒక్క నూలుపోగు లాగినను పాత వస్త్రము నశించి ఖండపటమను క్రొత్త వస్త్రము పుట్టినదనియే చెప్పవలసివచ్చినది. ‘ఇది నా పాత పంచెయే’ యని మనమనుట, క్షణక్షణమును మారు దీపశిఖను చూచి ‘అదే దీపము’ అన్నట్లు, పోలికవలన కలిగిన మాటయట. పంచె కట్టుకొన్నవాడెవడును దీనిని నమ్మడు గాని, తర్కమును సగములో విడువని ఆ సాహసము నాకు ముచ్చటగానే తోచును.

అయితే ఖండపటమునకు ముందొక అఖండపటము ఉండి తీరవలెను గదా! ఆ సగపు బీటిలునకు ఆ అఖండమేది? అది పుట్టుకతోనే రెండు కాలములది. దాని పూర్ణత్వమే ఆ మిశ్రమము. పుస్తకము చేతబట్టుకొని వచ్చిన శుద్ధికర్త ఎవడైన ఒక తొలికాన్పు మస్టాంగు బానెట్టు ఎత్తి, డైనమోను చూచి నొసలు ముడిచి, ఇది 1965 కారు గనుక ఆల్టర్నేటరే యుండవలెనని దానిని ఊడదీయించినచో, ఆ కారు పత్రమున శుద్ధమై స్వరూపమున భ్రష్టమగును. మతగ్రంథములనుండి ‘తరువాత చేరినది’ అని ఏరి పారవేయువారి చేతులలోను ఇట్టి స్పానరు నేను చూచియున్నాను.

ఈ విషయమున తార్కికులకంటె ఆగమవేత్తలే లౌక్యులని నా అభిప్రాయము. తిరుమలలో పండ్రెండేండ్లకొకమారు జరుగు అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణమున, మూలమూర్తియందలి కళలను ముందుగా కుంభమునకు ఆకర్షించి, బాలాలయమున నిలిపి, అక్కడ నిత్యపూజలు సాగించుచు, పీఠమున మూర్తిని పట్టియుంచు అష్టబంధనమును సరిచేసి, పిదప కళలను తిరిగి మూర్తియందు చేర్తురు. మరమ్మతు జరుగునంతకాలము స్వామి ఎక్కడనున్నాడని ఎవరికిని సందేహము కలుగనీయలేదు. కార్లవారికి అట్టి కుంభము ఛాసిస్ నంబరు. బీటిలున వెనుక సీటు ఎత్తినచో, నేల నడుమ వెన్నెముకవలె సాగిన ఇనుప గొట్టముమీద అది చెక్కబడి కనబడును. రెక్కలు మారినను, ఇంజను మారినను ఆ అంకెలున్నచో బండి అదియే. కాని ఇది ఏ బండియో చెప్పు ఆ అంకెలు, ఇది ఎట్లుండవలెనో అంత నోరు విప్పి చెప్పవు.

గ్రుడ్డు అద్దము వచ్చిన తరువాతి యేండ్లలో, తమ బండి పాతదని నలుగురికి తెలియుట నామోషీగా తోచిన యజమానులు కొందరు ఆ నడిమి పట్టీని రంపముతో కోయించి, పెద్ద అద్దము పెట్టించుకొనిరి. నేడు ఆ బండ్ల వారసులే, లేదా వారియొద్ద కొన్నవారే, మరియొక తుక్కుబండి వీపునుండి పట్టీని కోసి తెచ్చి, కోసినచోటనే మరల అతికించి, అతుకు తెలియకుండ ఆకురాయితో రుద్ది, రంగు వేయించుచున్నారు. పైనుండి చూచినవానికి తెలియదు. లోపలినుండి వ్రేలితో తడిమినచో మాత్రము చిన్న గరుకు తగులును.