గర్భస్థ శిశువు - గృహస్థ ధర్మము

మాతృగర్భమున నున్న జీవుని స్థితిని గూర్చి మన పూర్వులు మిక్కిలి శ్రద్ధతో విచారించిరి. గర్భోపనిషత్తు ఏడవ మాసమున జీవసంయోగమును, ఎనిమిదవ మాసమున సర్వాంగ సంపూర్ణతను, తొమ్మిదవ మాసమున పూర్వజన్మ స్మృతిని చెప్పుచున్నది. శ్రీమద్భాగవత తృతీయ స్కంధమున కపిల మహర్షి, ఏడవ మాసము మొదలు జ్ఞానము పొందిన శిశువు చేతులు జోడించి భగవంతుని స్తుతించునని వర్ణించినాడు. గర్భవాస దుఃఖమును ఒక కుమారుడు తన తల్లియైన దేవహూతికే వివరించుట ఆ ఘట్టమునందలి విశేషము.

భగవంతుని స్తుతించుచున్న ఆ జీవుని కాపాడు భారము ఎవరిది? లోకము సామాన్యముగా తల్లిదే అనును. గర్భిణి పురాణము వినవలెను, కోపము తెచ్చుకొనరాదు, దుఃఖింపరాదు అని పెద్దలు బోధింతురు. బోధ మంచిదే. కాని ధర్మములో అది సగము మాత్రమే.

నేటి వైద్యులు 28వ వారము మొదలు ప్రసవము వరకు గల కాలమును గర్భమునకు కడపటి భాగముగా గణింతురు. అప్పటికి శిశువు తూకము సుమారు ఒక కిలో; నెలలు నిండునప్పటికి మూడు కిలోలకు సమీపించును. కనురెప్పలు విచ్చుకొనును. చర్మము క్రింద కొవ్వు చేరి, పుట్టిన పిదప ఒంటి వెచ్చదనమును నిలుపుకొను శక్తి కలుగును. నునుపుగా నుండిన మెదడు మడతలు పడుచు వేగముగా పెరుగును. తల్లి రక్తమునుండి ఇనుమును, రోగములనెదిరించు ద్రవ్యములను శిశువు అధికముగా కూడబెట్టుకొనునది ఈ మాసములలోనే. ఊపిరితిత్తులలోని గాలిగదులు ముడుచుకొనిపోకుండ కాపాడు ద్రవ్యము తగినంత ఊరుటకు 34, 35 వారములు పట్టును.

ఇచ్చట ఒక శంక కలుగును. ఎనిమిదవ మాసమున ఓజస్సు నిలకడలేక తల్లీబిడ్డల నడుమ సంచరించునని చరక సుశ్రుతులు చెప్పిరి. ఆ మాసమున పుట్టిన బిడ్డ దక్కదని సుశ్రుత మతము. ఏడవ నెల బిడ్డ బ్రతుకునుగాని ఎనిమిదవ నెల బిడ్డ బ్రతుకదను నమ్మకము పల్లెలలో నేటికిని వినవచ్చును. ప్రత్యక్షము దీనికి విరుద్ధముగా నున్నది. గర్భమున ఒక్కొక్క వారము నిలిచిన కొలది శిశువు బలపడును. 33 వారముల బిడ్డ 29 వారముల బిడ్డకంటె సులభముగా దక్కును. ప్రత్యక్ష విరుద్ధమైన మాటను శాస్త్రము పేర నిలుపుట శాస్త్రమునకు గౌరవము కాదు. ఎటులనైన దక్కదని తలచి పసికందును ఆసుపత్రికి చేర్చుటలో ఆలస్యము చేసినచో ఆ దోషము ఎవరిని చేరును? తల్లి తేజస్సును బిడ్డ తేజస్సును వేరుచేసి చూడరాదను భావము మాత్రము ఆ ప్రాచీన వాక్యమునుండి గ్రహింపదగినది.

ఇక వినుటను గూర్చి. ఆరవ నెల దాటిన శిశువు శబ్దమునకు ఉలికిపడును. అమెరికా దేశమున డికాస్పర్ అను పండితుడు తన సహచరులతో కలిసి 1980, 1986 సంవత్సరములలో ప్రకటించిన పరిశోధనలు ప్రసిద్ధములు. అప్పుడే పుట్టిన శిశువు ఇతర స్త్రీల కంఠముకంటె తల్లి కంఠమునే కోరునని మొదటిది తెల్పెను. తల్లి కడపటి ఆరు వారములు బిగ్గరగా చదివిన కథను శిశువు పుట్టిన పిదప గుర్తించునని రెండవది తెల్పెను. శిశువు గుర్తించునది ఆ కంఠమును, ఆ లయను; అర్థమును కాదు. ఆపస్తంబ గృహ్యసూత్రము సీమంతోన్నయనమున వీణతో గానము చేయించుట ఎంత ఉచితమో దీనిచే తెలియును. అభిమన్యుడు గర్భమున పద్మవ్యూహమును వినెనను కథ జనప్రియమే గాని, వ్యాసభారత ద్రోణపర్వమున అతడు తన తండ్రి ఉపదేశించెనని మాత్రమే చెప్పినాడు.

ప్రహ్లాదుని కథ అట్టిది కాదు. భాగవత సప్తమ స్కంధమున అది స్పష్టముగా గలదు. తెలుగువారికి లీలావతిగా పరిచితురాలైన కయాధువును ఇంద్రుడు బలాత్కారముగా కొనిపోవుచుండగా నారదుడు అడ్డగించెను. ఆమెను విడిపించి, తన ఆశ్రమమునకు తోడ్కొనివచ్చి, భర్త తపస్సునుండి మరలువరకు నిర్భయముగా నుండుమనెను. ధర్మోపదేశము అటు పిమ్మట జరిగినది. భయముతో వణకుచున్న స్త్రీకి త్రోవలో వేదాంతము చెప్పి పంపివేయలేదు. గర్భిణికి పురాణము వినిపింపగోరువారు ఈ క్రమమును గమనింపవలెను.

జలంత్రకోట మొదలుగాగల ఉద్దానపు గ్రామములలో ఈ క్రమమునకు గల విలువ మరింత స్పష్టము. కొబ్బరితోటలు, జీడితోటలు నిండిన సీమ అది. పలాస జీడిపప్పు పరిశ్రమలలో గంటల తరబడి కూర్చుండి పప్పు పొర తీయువారిలో స్త్రీలే అధికులు. కూలికి పోనినాడు కూలి లేనిచో, ఎనిమిదవ నెల గర్భిణికి విశ్రమింపుమని చెప్పిన మాట గాలిలో మాటయే. దీనికితోడు ఆ సీమను పెక్కు ఏండ్లుగా మూత్రపిండ వ్యాధి పీడించుచున్నది. పలాసలో 2023లో అందుకై ప్రత్యేక ఆసుపత్రి వెలసినది. ఆ వ్యాధి గల గర్భిణికి రక్తపుపోటు హెచ్చుటకును, నెలలు నిండకమునుపే ప్రసవమగుటకును, బిడ్డ తూకము తగ్గుటకును అవకాశమెక్కువ. ముఖము, చేతులు వాచుట, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట కనిపించినపుడు దిష్టి తీసి ఊరకుండుట ప్రమాదము. అదే దినమున వైద్యునికి చూపవలెను. ప్రతి నెల 9వ తేదీన గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుపు పథకము 2016 నుండి ప్రభుత్వ ఆసుపత్రులలో నడచుచున్నది. ఆ దినమున ఆమెను వెంటబెట్టుకొని పోవలసినవాడు భర్త. బిడ్డ చిన్నదైన సుఖప్రసవమగునని అన్నము తగ్గించు అత్తలు, అమ్మలు కొందరు గలరు. గర్భమున శిశువు కూడబెట్టుకొనవలసిన సొత్తును వారు తెలియక హరించుచున్నారు.

అష్టావక్రుని కథ చెప్పువారు గర్భస్థుడై తండ్రి పాఠమున తప్పుపట్టిన శిశువును, ఆ తండ్రి శాపమును వర్ణించి విరమింతురు. వనపర్వమున మరియొక మాట గలదు. ఆ తల్లి సుజాత పదవ మాసమున భర్తను ఏకాంతమున సమీపించి, ధనము లేక ఈ ప్రసవమును ఎట్లు గడుపుకొందునని అడిగినది. కహోడుడు అంతటి పండితుడయ్యు ఆ ప్రశ్న విన్న పిదప ఇంట కూర్చుండలేదు. ధనము కొరకు జనకుని సభకు బయలుదేరెను.