భయపడాల్సింది సవతి తండ్రికేనా? ప్రహ్లాదుడి ఇల్లు చెప్పే మాట

ఈ వారం వీడియోలో ప్రహ్లాద చరిత్ర చెప్పుకున్నాం కదా. అందులో టైమ్ సరిపోక కొంత, నిజం చెప్పాలంటే ధైర్యం చాలక కొంత వదిలేశాను. ఆ వదిలేసిన మాట ఇక్కడ రాస్తున్నా. కొంచెం ఓపిగ్గా చదవండి.

మొన్న శనివారం రాత్రి హైదరాబాద్‌లో మా రూమ్‌లో నలుగురం కలిసి ఒక పాత ఇంగ్లీష్ థ్రిల్లర్ చూశాం. పేరు ‘ద స్టెప్‌ఫాదర్’. 1987లో వచ్చింది, డైరెక్టర్ జోసెఫ్ రూబెన్. 2009లో మళ్లీ తీశారు కూడా. కథ సింపుల్. భర్త లేని ఒకావిడ మళ్లీ పెళ్లి చేసుకుంటుంది. వచ్చినవాడు చాలా మంచివాడిలా ఉంటాడు. నవ్వుతూ మాట్లాడతాడు, ఇరుగుపొరుగుతో బాగుంటాడు, కుటుంబ విలువల గురించి చెప్తుంటాడు. ఆవిడ కూతురికి మాత్రం అతన్ని చూస్తే ఏదో తేడాగా అనిపిస్తుంది. చెప్తే ఎవరూ నమ్మరు. అతను అంతకుముందే ఒక కుటుంబాన్ని చంపి, పేరు మార్చుకుని వచ్చినవాడని మనకి మాత్రం మొదటి సీన్‌లోనే తెలుసు.

సినిమా అయ్యాక మామూలుగానే చర్చ మొదలైంది. ఒకడు “ఆ తల్లికి కళ్లు లేవా రా, అంత గుడ్డిగా ఎలా నమ్మింది” అన్నాడు. ఇంకొకడు “ఆ పిల్ల ముందే పోలీసులకి చెప్పాల్సింది” అన్నాడు. మూడోవాడు దుప్పటి కప్పుకుంటూ తీర్పు ఇచ్చేశాడు: “ఎంతైనా సవతి తండ్రి సవతి తండ్రే. సొంత రక్తం కాదు కదా.”

నేనేం మాట్లాడలేదు. వాళ్లకి తెలియని విషయం ఏంటంటే, నన్ను పెంచింది సవతి తండ్రే.

సినిమా వెనక ఉన్న అసలు మనిషి

ఆ రాత్రి నిద్ర పట్టక ఆ కథ ఎక్కడినుంచి వచ్చిందో వెతికాను. దానికి ప్రేరణ అమెరికాలో న్యూజెర్సీకి చెందిన జాన్ లిస్ట్ అనే అకౌంటెంట్. 1971 నవంబర్‌లో అతను తన తల్లిని, భార్యని, ముగ్గురు పిల్లల్ని ఇంట్లోనే కాల్చి చంపి మాయమయ్యాడు. సినిమా వచ్చేనాటికి అతను ఇంకా దొరకలేదు. ఒక టీవీ కార్యక్రమంలో అతని కేసు చూపించాక, దాదాపు పద్దెనిమిదేళ్లకి, 1989లో పట్టుబడ్డాడు. అప్పటికి వేరే పేరుతో మళ్లీ పెళ్లి కూడా చేసుకున్నాడు.

చదువుతూ ఒకచోట ఆగిపోయాను. అతను చంపింది సవతి పిల్లల్ని కాదు, సొంత పిల్లల్ని. సినిమా వాళ్లు కథలో ఆయన్ని సవతి తండ్రిని చేశారు. అలా అయితేనే చూసేవాళ్లకి తేలిగ్గా ఉంటుంది మరి. చెడు బయటినుంచి వచ్చిందంటే మన ఇల్లు శుభ్రంగా మిగులుతుంది.

ఇంకో విషయం. అతను పెద్ద భక్తుడు. చర్చికి తప్పకుండా వెళ్లేవాడు, ఆదివారాలు పిల్లలకి పాఠాలు కూడా చెప్పేవాడు. ఉద్యోగం పోయినా ఇంట్లో చెప్పకుండా రోజూ తయారై బయటికెళ్లి రైల్వే స్టేషన్‌లో కూర్చునేవాడట. కుటుంబం తను అనుకున్న దారి తప్పుతోందని, వాళ్ల ఆత్మల్ని కాపాడుతున్నానని తనకి తానే చెప్పుకున్నాడు. ఇది వాళ్ల మతం సంగతి అని తోసేయకండి. మన బొట్టు, మన మాల కూడా మంచితనానికి గ్యారంటీ కార్డు కాదు. హిరణ్యకశిపుడు చేసిన తపస్సులో పదో వంతైనా మనం చేశామా?

మన మొదటి టాకీ కథ

1932లో వచ్చిన మన తొలి తెలుగు టాకీ ఏంటో తెలుసు కదా, ‘భక్త ప్రహ్లాద’. 1967లో ఏవీఎం వాళ్లు మళ్లీ తీస్తే ఎస్వీ రంగారావుగారు హిరణ్యకశిపుడు, చిన్నారి రోజారమణి ప్రహ్లాదుడు. 2025లో ‘మహావతార్ నరసింహ’ యానిమేషన్ చూడటానికి మన బ్యాచ్ బ్యాచ్‌లు థియేటర్లకి వెళ్లాయి. అంటే తొంభై ఏళ్లకి పైగా తెలుగువాళ్లు థియేటర్లో కూర్చుని చూస్తున్న కథ, ఇంట్లోనే ఉన్న ప్రమాదకరమైన తండ్రి కథ. అతను సవతి తండ్రి కాదు. కన్న తండ్రి.

పోతనగారి భాగవతం ఏడో స్కంధంలో ఈ ఇల్లు ఎలా ఉంటుందో గమనించండి. తండ్రి కొడుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఏం చదువుకున్నావని ప్రేమగా అడుగుతాడు. నచ్చని జవాబు రాగానే అదే చేతులు మారిపోతాయి. ఏనుగులు, పాములు, విషం, కొండ మీదనుంచి తోయించడం, అన్నీ వరుసగా. గురువులు చండామార్కులకి అంతా తెలుసు, కానీ వాళ్ల భయం వాళ్లది. తల్లి లీలావతి ఉంది, కానీ ఆవిడ మాట అక్కడ చెల్లదు. సినిమాలో మా ఫ్రెండ్స్ అడిగిన ప్రశ్నలే ఇక్కడా అడగొచ్చు. తల్లి ఏం చేస్తోంది? చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేస్తున్నారు?

ఇటు చూడండి. కృష్ణుడిని పెంచింది నందుడు, కన్నవాడు కాదు. సీతమ్మ నాగేటి చాలులో దొరికిన బిడ్డ, జనకుడు గుండెల్లో పెట్టుకున్నాడు. నదిలో కొట్టుకొచ్చిన కర్ణుడిని అధిరథుడు పెంచాడు. పుట్టుక సంగతి తెలిశాక కూడా కర్ణుడు ఆ తండ్రిని వదులుకోలేదు. కృష్ణుడిని చంపాలని చూసిన కంసుడు మాత్రం స్వయానా మేనమామ, రక్త సంబంధమే. రక్తం ఒక్కటే రక్షణ అని మన పురాణాలు ఎక్కడా చెప్పలేదు. మనమే అనుకున్నాం.

లెక్కల మాట కూడా చూద్దాం

ఇంజినీర్ని కాబట్టి ఇక్కడ నిజాయితీగా రెండో వైపు కూడా చెప్పాలి. మార్టిన్ డేలీ, మార్గో విల్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కెనడాలో 1980ల నుంచి చేసిన పరిశోధనల్లో, సవతి తల్లి లేదా తండ్రి ఉన్న ఇళ్లలో చిన్న పిల్లలకి హాని జరిగే రేటు ఎక్కువని తేలింది. దీన్ని దాచిపెట్టి మాట్లాడటం తప్పు. అయితే రేటు ఎక్కువ అంటే అందరూ అలాంటివాళ్లే అని కాదు. సవతి తల్లిదండ్రుల్లో ఎక్కువమంది పిల్లల మీద చెయ్యెత్తని వాళ్లే. ఇక మన దేశంలో పిల్లల మీద జరిగే లైంగిక నేరాల లెక్కలు చూస్తే, 90 శాతానికి పైగా కేసుల్లో నిందితుడు ఆ బిడ్డకి ముందే తెలిసినవాడు. అందులో బంధువులు, పక్కింటివాళ్లు, కుటుంబ స్నేహితులు అందరూ ఉన్నారు.

మా ఆఫీస్‌లో మానిటరింగ్ అన్ని సర్వర్లకీ పెడతాం, కొత్తగా వచ్చినవాటికే కాదు. “ఇది పాతది, నమ్మకమైనది” అని అలర్ట్‌లు ఆపేసిన సర్వరే ఒకసారి మా టీమ్ మొత్తాన్ని తెల్లవార్లూ కూర్చోబెట్టింది. సవతి తండ్రిని మాత్రమే అనుమానించే సమాజం కూడా ఇలాగే పప్పులో కాలేస్తుంది. ఒక మంచి మనిషిని అవమానిస్తుంది, ఇంకో ఇంట్లో జరుగుతున్నదాన్ని చూడకుండా వదిలేస్తుంది.

మా బాబాయి

నాకు ఆరేళ్లప్పుడు నాన్న పోయారు. తొమ్మిదేళ్లప్పుడు అమ్మ మళ్లీ పెళ్లి చేసుకుంది. ఆయన మంగళగిరిలోనే గుంట మగ్గం మీద చీరలు నేసేవారు. నేను ఆయన్ని “బాబాయి” అని పిలిచేవాణ్ణి, ఇప్పటికీ అంతే. “నాన్నా అని పిలువు” అని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు.

మా అమ్మమ్మకి మాత్రం భయం. ప్రతి శనివారం పొద్దున్నే నన్ను పానకాల స్వామి కొండకి తీసుకెళ్లేది. మధ్యాహ్నం దాటితే పైన దర్శనం ఉండదు కదా, అందుకే ఎండ ఎక్కకముందే బయల్దేరేవాళ్లం. మెట్ల మధ్యలో ఎక్కడో ఒకచోట ఆయాసం తీర్చుకోవడానికి కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంటూ అడిగేది: “ఏరా కన్నా, ఇంట్లో అంతా బాగుందా? నిన్ను ఎవరైనా కొడుతున్నారా? నీకు నచ్చకుండా ముట్టుకుంటున్నారా? ఎవరైనా సరే, నాకు చెప్పు. నేనేం అనను, నిన్ను నమ్ముతా.” వారం వారం ఇదే ప్రశ్న. పై మెట్టు మీద స్వామి నోట్లో పానకం పోయించి, తిరిగొచ్చిన సగం తాగి కిందకి దిగేవాళ్లం.

ఒకసారి ఈ సంగతి అమ్మకి తెలిసి బాగా బాధపడింది. “ఆయనకి తెలిస్తే ఏమనుకుంటారు” అని అమ్మమ్మతో గొడవ. బాబాయి పక్క గదిలో మగ్గం గుంటలోనే ఉన్నారు. మగ్గం చప్పుడు ఆగింది. బయటికొచ్చి ఆయన అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది: “అడగనివ్వండి అత్తయ్యగారూ. అడగాల్సిందే. వాడికి అడిగే మనిషి ఒకరుండాలి.”

పదేళ్ల పిల్లాడికి ఆ మాట విలువ తెలీదు. ఇప్పుడు తెలుస్తోంది. మంచి మనిషి తలుపులు తెరిచి ఉంచుతాడు, తనని గమనిస్తే కోపం తెచ్చుకోడు. హిరణ్యకశిపుడి ఇంట్లో అతని మాట తప్ప ఇంకో మాట వినపడకూడదు. ఆ సినిమాలో తండ్రికీ అంతే, ఇల్లు తన తలలో ఉన్న బొమ్మలాగే ఉండాలి. ప్రమాదం గుర్తు అక్కడుంది. వచ్చినవాడు సొంతమా, సవతా అన్నదాంట్లో లేదు.

1881 డిసెంబర్‌లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగంగారు తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు ఊరంతా వ్యతిరేకించింది. ఇప్పుడు రాళ్లెవరూ వెయ్యరు. “పిల్లాడున్నాడు కదా, వచ్చేవాడు ఎలాంటివాడో” అంటాం, అంతే. ఆ ఒక్క మాటతో మా అమ్మలాంటి వాళ్ల జీవితం అక్కడే ఆగిపోవచ్చు.

నేను చేసిన తప్పు

ఇప్పుడు వీడియోలో చెప్పలేకపోయింది. తొమ్మిదో తరగతిలో నాతో ట్యూషన్‌కి వచ్చే ఒక కుర్రాడు ఒకరోజు చొక్కా ఎత్తి వీపు చూపించాడు. బెల్టు వాతలు. వాళ్ల నాన్న సొంత నాన్నే, వీధిలో అందరూ చేతులెత్తి దండం పెట్టే మనిషి, భజనలో ముందు వరసలో కూర్చునేవాడు. నేనేమన్నానో తెలుసా? “నాన్నే కదరా, కోపంలో కొట్టుంటారు. ఎవరికీ చెప్పకు, పరువు పోతుంది.”

వాడు చొక్కా సర్దుకున్నాడు. మళ్లీ ఎప్పుడూ ఆ మాటెత్తలేదు. పదో తరగతి మధ్యలో ట్యూషన్ మానేశాడు. ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలీదు. వారం వారం నన్ను అడిగే మనిషి ఉన్నా కూడా, నన్ను నమ్మి చెప్పినవాడి మాట నేను వినలేదు. ఎందుకంటే నా తలలో కూడా “సొంత తండ్రి” అంటే అలర్ట్ ఆఫ్.

మరి తండ్రి మాట వినాలి కదా?

తండ్రిని దైవంగా చూడమని ఉపనిషత్తు చెప్పింది, రాముడు తండ్రి మాట కోసం అడవికెళ్లాడు, నిజమే. కానీ రాముడు వదులుకున్నది తన రాజ్యం, తన సుఖం. తన ఇష్టంతో వదులుకున్నాడు. ప్రహ్లాదుడిని వదులుకోమన్నది సత్యాన్ని. అతను తండ్రిని ఒక్క మాట తూలలేదు, అలాగని లొంగనూ లేదు. ఇద్దరూ మనకి ఆదర్శమే. గౌరవం వేరు, హింసకి ఒప్పుకోవడం వేరు.

“ప్రహ్లాదుడు ఎవరికీ చెప్పకుండా ఓర్చుకున్నాడు కదా, పిల్లలు కూడా దేవుణ్ణి నమ్ముకుని ఓర్చుకోవాలి” అని ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోకండి. ఆ కథలో స్వామి “ఓర్చుకో” అనలేదు. స్తంభం చీల్చుకుని వచ్చాడు. ముందు ఆ చెయ్యి ఆపాడు. ఆ తర్వాతే ప్రహ్లాదుడు తండ్రిని పవిత్రుణ్ణి చెయ్యమని వరం అడిగాడు, అంత్యక్రియలు చేశాడు. వరస గమనించండి. మొదట రక్షణ, తర్వాత క్షమ. మనం తిరగేసి, దెబ్బలు తగులుతున్న పిల్లలకే ముందు క్షమ నేర్పిస్తున్నాం.

ఇంకో దృశ్యం నాకు చాలా ఇష్టం. ఉగ్రంగా ఉన్న స్వామి దగ్గరికి లక్ష్మీదేవి కూడా వెళ్లలేకపోతే ప్రహ్లాదుణ్ణి పంపిస్తారు. స్వామి ఆ పిల్లాడి తల మీద చెయ్యి పెడతాడు. అంతవరకు పెద్దవాళ్ల చేతులంటే ఏంటో వాడికి ఇంట్లో తెలిసింది వేరు కదా.

మనకి ఆ గోళ్లు లేవు. చెవులున్నాయి, ఫోన్ ఉంది. ఏ బిడ్డైనా మీకు చెప్తే మొదటి మాట “నేను నమ్ముతున్నా” అనండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098. 2012 పోక్సో చట్టం ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం గురించి తెలిసినవాళ్లు చెప్పి తీరాలి, ఊరుకోకూడదు. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే వారానికోసారి విడిగా కూర్చోబెట్టి అడగండి. ఆ ఇంట్లో ఎవరున్నా సరే.

మా రూమ్‌మేట్స్‌కి మర్నాడు పొద్దున టీ తాగుతూ బాబాయి గురించి చెప్పాను. తీర్పు ఇచ్చినవాడు కాసేపు గ్లాసు వైపే చూసి, “సారీ రా, ఈసారి వెళ్లేటప్పుడు నేనూ వస్తా మంగళగిరి” అన్నాడు. రమ్మన్నాను. కొండెక్కేటప్పుడు మెట్ల మీద ఒకచోట ఆగుతాం, అమ్మమ్మ కూర్చునే చోటు.

జై పానకాల లక్ష్మీ నరసింహ స్వామి. వచ్చే వారం వీడియోలో కలుద్దాం.