'అయినా' తగిలించిన శభాష్

కర్మన్‌ఘాట్ వైపు కాలనీల్లో ఉండే మాలాంటివాళ్లు తరచూ వినే మెచ్చుకోలు ఒకటుంది. "మీరు సాయిబులంటే నమ్మలేం సార్, తెలుగు ఎంత చక్కగా మాట్లాడతారు!" కిరాణా కొట్టులో, బస్టాపులో, పిల్లల స్కూలు గేటు దగ్గర ఎక్కడైనా ఎదురవుతుంది. అనేవాళ్ల మనసులో కల్మషం ఉండదు. నిజంగా సంతోషపడే అంటారు. చిక్కంతా అక్కడే. తిట్టుకి ఎదురు తిరగొచ్చు. మెచ్చుకోలుకి ఎలా ఎదురు తిరుగుతాం?

పొగడ్తకి గాయంచేసే గుణం ఉందని అందరికీ తెలుసు. మా ఇళ్లలో బిడ్డని మెచ్చుకుంటే వెంటనే 'మాషాల్లా' అంటారు. పక్కింట్లో దిష్టి తీస్తారు. కానీ ఈ పొగడ్త గాయం వేరు. తెలుగు మా సొంతం కాదన్న నమ్మకం అందులో ఉంది. సాయిబులు మామూలుగా ఇలా ఉండరన్న తీర్పు ఉంది. ఒక మనిషిని పైకెత్తుతూ అతని అమ్మానాన్నల్నీ గల్లీనీ కిందకి దించుతుంది. రెడ్డిగారినో శాస్త్రిగారినో తెలుగు బాగా మాట్లాడుతున్నారని ఎవరూ మెచ్చుకోరు. సొంత ఇంట్లో ఉన్నవాడికి 'లోపలికి రండి' అని ఎవరూ చెప్పరు కదా.

తమాషా ఏమిటంటే, తెలుగువాళ్లు నోరారా అనే 'శభాష్' ఫారసీ నుంచి వచ్చింది. 'షాద్ బాష్', సంతోషంగా ఉండు అని. కర్మన్‌ఘాట్ పేరుకి జనం చెప్పే కథా ఇలాంటిదే. హనుమంతుడి గుడి కూల్చడానికి ఔరంగజేబు వస్తే, ముందు గుండె దిటవు చేసుకోమని 'కర్ మన్ ఘట్' అంటూ ఓ గొంతు ఉరిమిందట. స్థలపురాణమే. అయినా హనుమంతుడికి హిందుస్తానీ ఎలా వచ్చిందని ఎవరూ ఆశ్చర్యపోరు. మాకు తెలుగు వస్తేనే ఆశ్చర్యం.

ఈ 'అయినా' గల్లీతో ఆగదు. 2015లో ఢిల్లీలో ఔరంగజేబు రోడ్డుకి అబ్దుల్ కలాం పేరు పెట్టారు. ఆ సందర్భంగా అప్పటి కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రి మహేశ్ శర్మ, కలాం ముస్లిం అయినా గొప్ప జాతీయవాది, మానవతావాది అన్నారు. భారతరత్న అందుకుని, అయిదేళ్లు రాష్ట్రపతిగా ఉన్న మనిషికే 'అయినా' తప్పకపోతే మామూలు సాయిబు సంగతేమిటి?

మా వైపూ చూసుకోవాలి. హైదరాబాదు ప్రధానిగా చేసిన మహారాజా కిషన్ పర్షాద్ 'షాద్' పేరుతో ఉర్దూ కవిత్వం రాశాడు. ఫిరాఖ్ గోరఖ్‌పురి ఉర్దూ కవిత్వానికి 1969 జ్ఞానపీఠ్ వచ్చింది. 'హిందువైనా ఎంత మంచి ఉర్దూ' అనే పెద్దమనుషులు మా మహఫిళ్లలో లేరా? ఉర్దూ మా ఒక్కళ్ల ఆస్తి అన్న రోజున, తెలుగు మాది కాదనేవాళ్లకి మేమే సాక్ష్యం చెప్పినట్టు.

మరి మెచ్చుకోలు ఎలా ఉండాలి? ఉర్దూలో 'ఆప్ కీ తారీఫ్?' అంటే 'తమరెవరు?' అని మర్యాదగా అడగడం. తారీఫ్ అంటే పొగడ్త, నిర్వచనం కూడా. మనిషిని తెలుసుకోవడం, మెచ్చుకోవడం ఆ మాటలో ఒక్కటే. ముషాయిరాలో షేర్ నచ్చితే 'ముకర్రర్' అంటారు, మళ్లీ చదవమని. ఆ మెచ్చుకోలు షేర్‌కి, షాయర్ పుట్టుకకి కాదు. పద్మశ్రీ షేక్ నాజర్ బుర్రకథ చెబితే పల్లెలు కదిలింది ఆ గొంతుకి, ఆ కథకి.

ఇక పుచ్చుకునేవాళ్లం. 'షుక్రియా' అని నవ్వేస్తే ఆ తీర్పు కింద సంతకం పెట్టినట్టే. విసుక్కుంటే ఓ మంచి మనసు నొప్పించినట్టు. "మాదీ ఈ భాషేనండీ" అని నెమ్మదిగా చెప్పాలి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, రెండూ మావే.

చెప్పేవాళ్లకి ఒక్క మనవి. మా తెలుగులో తప్పులుంటే చెప్పండి. పరాయివాణ్ణి మెచ్చుకుని సాగనంపుతారు. దిద్దేది ఇంటివాణ్ణే.