తిండి వేరైనా పంక్తి ఒక్కటే



మధ్యాహ్నం గంట కొట్టగానే వికారాబాద్ నుంచి తాండూరు దాకా ప్రతి సర్కారు బడిలో పిల్లలు పళ్లేలు పట్టుకొని వరుస కడతారు. నాపరాయి గనుల్లో పనిచేసేవాళ్ల పిల్లలు, కంది చేలల్లో కూలికి పోయేవాళ్ల పిల్లలు ఆ వరుసలో ఉంటారు. మీ బిడ్డ, నా బిడ్డ కూడా ఉంటారు. పొద్దున చాయ్ తాగి వచ్చిన పిల్లకు అదే ఆ రోజు మొదటి బువ్వ. ఈసారి ధమ్మాన్ని ఆ పళ్లెం ముందు కూర్చొని మాట్లాడుకుందాం.

ముందు మా ఇంట్లో జరిగిన సంగతి చెప్తాను. మా చెల్లె బిడ్డకు పల్లీలు పడవు. చిన్నప్పుడే తెలిసింది. ఇంట్లో పల్లీలు బంద్ చేసినం. కానీ బడిలో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదే అని తర్వాత అడిగితే, చెల్లె తల దించుకొని అన్న మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటది. "అన్నా, వేరే కూర పెట్టమంటే బిడ్డను వేరే కూసోబెడతరేమో అని భయమైంది."

మా అమ్మ హోటల్ బయట నిలబడి, వేరే గ్లాసులో చాయ్ తాగిన మనిషి. 'వేరు' అనే మాట వింటేనే మా ఇంట్లో ఒళ్లు జలదరిస్తది. ఆ భయంతో చెల్లె నోరు మూసుకుంది. ఒకరోజు వంకాయ కూరలో పల్లీల పొడి వేసిన్రు. పొడి కంటికి కనబడదు కదా! నాలుగు ముద్దలు తినేసరికి పిల్ల పెదవులు ఉబ్బినయి, ఒంటి నిండా దద్దుర్లు, ఊపిరి ఆడలేదు. ఒక సారు బండి మీద ఎక్కించుకొని దవాఖానకు ఉరికిండు. పిల్ల బతికింది. తప్పు వండిన అక్కది కాదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. తప్పులో మా వాటా ఉంది. ఆ భయాన్ని మాలో నాటిన కులానికి ఇంకా పెద్ద వాటా ఉంది.

మన భయం ఊరికే రాలేదు. బాబాసాహెబ్ చిన్నప్పుడు సతారా బడిలో ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద వేరుగా కూర్చున్నారు. ప్యూను వచ్చి పైనుంచి పోస్తేనే నీళ్లు, ప్యూను లేకపోతే దాహమే. ఆ గాయం మనకు తెలుసు. అందుకే ఇక్కడ ఒక తేడాను గట్టిగా పట్టుకోవాలి. మనిషిని తక్కువ చేసి వేరు చేస్తే అది అంటరానితనం. ఒంటికి పడని తిండిని తప్పించి, పడేది పెడితే అది కరుణ. మొదటిది పంక్తిని విడగొడుతుంది. రెండోది అదే పంక్తిలో అందరినీ నిలబెడుతుంది.

తథాగతుడు ఏం చేశాడో చూడండి. వినయపిటకంలోని మహావగ్గంలో మందుల గురించి ఒక అధ్యాయం ఉంది. భగవానుడు శ్రావస్తిలో ఉన్నప్పుడు, శరత్కాలంలో చాలామంది భిక్షువులు జబ్బు పడ్డారు. గంజి తాగినా కక్కుకుంటున్నారు, అన్నం తిన్నా కక్కుకుంటున్నారు. చిక్కిపోయి, పాలిపోయి, నరాలు తేలారు. భగవానుడు వాళ్లను చూసి, వీళ్లెందుకు ఇలా అయ్యారని ఆనందుణ్ణి అడిగాడు. తర్వాత ఆలోచించాడు. మందుగానూ పనికిరావాలి, ఒంటికి బలమూ ఇవ్వాలి, అలాంటివి ఏమున్నాయి? నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం. ఈ ఐదింటినీ తినే వేళలో తీసుకోవచ్చని అనుమతించాడు. అయినా వాళ్లు కోలుకోలేదు, ఇంకా చిక్కిపోయారు. అప్పుడు వేళ నియమాన్నీ సడలించి, ఎప్పుడైనా తీసుకోవచ్చన్నాడు.

ఇందులో నాలుగు పనులున్నాయి. చూశాడు. అడిగాడు. నియమం మార్చాడు. అది చాలకపోతే మళ్లీ మార్చాడు. సంఘంలో అందరూ తినేదే మీరూ తినండి అని రోగిని గద్దించలేదు. జబ్బు పడ్డవాళ్లను సంఘం నుంచి బయటికి పంపలేదు.

మరో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. భిక్షువులు ఎవరూ చేపలు, మాంసం తినకూడదని నియమం పెట్టమని దేవదత్తుడు కోరాడు. భగవానుడు ఒప్పుకోలేదు. ఒకరి పట్టింపును అందరి నెత్తిన రుద్దడం ధమ్మం కాదు.

ఈ రెండూ కలిపి ఎందుకు చెప్తున్నానంటే, మన పక్కనే జరిగిన ముచ్చట ఉంది. తాండూరు దాటితే కర్ణాటకలోని కలబురగి జిల్లా. 2021 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం ఆ జిల్లాతో పాటు మరికొన్ని జిల్లాల బడుల్లో గుడ్డు పెట్టడం మొదలుపెడితే, కొందరు మఠాధిపతులు అడ్డం తిరిగారు. 2022లో పథకాన్ని రాష్ట్రమంతా విస్తరించి, గుడ్డు తినని పిల్లలకు అరటిపండు గానీ పల్లీ చిక్కీ గానీ అన్నారు. మరి గుడ్డూ పల్లీ రెండూ పడని బిడ్డకు? పెద్దల ఆచారం గురించి అంత కొట్లాట జరిగింది గానీ, ఆ బిడ్డ గురించి ఎవరు కొట్లాడారు?

కాబట్టి మన మాట స్పష్టంగా ఉండాలి. ఒక బిడ్డకు గుడ్డు పడదని అందరి పళ్లెంలో గుడ్డు తీసేస్తామంటే ఒప్పుకోవద్దు. పేద బిడ్డకు అది కండ. అందరూ తింటున్నారు నువ్వూ తిను అని పడని బిడ్డను బలవంతం చేస్తే, అదీ ఒప్పుకోవద్దు.

ఈ బువ్వ ఎవరి దయా కాదు, హక్కు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడుల్లో వండిన అన్నం పెట్టాలని ఆదేశించింది. 2004లో వంటపనిలో దళితులకు, ఆదివాసీలకు ప్రాధాన్యం ఇవ్వాలన్నది. 2013 ఆహార భద్రత చట్టం దాన్ని చట్టబద్ధ హక్కు చేసింది. లెక్క ప్రకారం ప్రాథమిక బడి పిల్లకు రోజుకు 450 క్యాలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా 700 క్యాలరీలు, 20 గ్రాములు. గుడ్డు పడని బిడ్డ ఉత్త అన్నం తిని లేస్తే ఆ లెక్క తప్పినట్టే. అరటిపండు ఇస్తే కడుపు నిండుతుంది గానీ గుడ్డులోని మాంసకృత్తులు రావు. పప్పు ఇంకో గరిటె పడాలి. కందిపప్పుకు పేరుపడ్డ తాండూరులో పప్పు గరిటెకు కరువు రాకూడదు.

ఇక మనం చేయాల్సిన పనులు వినండి.

మొదట, ఊహ మీద పోవద్దు. ఒకసారి కడుపు నొచ్చిందని గుడ్డు మాన్పించొద్దు. ఏది తింటే, ఎంతసేపటికి, ఏమైందో రాసిపెట్టుకొని డాక్టరుకు చూపించండి. తేలిన తర్వాత కాగితం రాయించుకోండి.

రెండోది, జూన్‌లో బడి తెరవగానే ఆ కాగితం హెడ్మాస్టరుకు ఇవ్వండి. వంట చేసే అక్కను కలిసి మీ నోటితో చెప్పండి. ఆమె కూడా మనలాంటి ఇంటి మనిషే, కట్టెల పొగలో వండుతూ బిల్లుల కోసం ఎదురుచూసే మనిషి. హుకుం చేయకండి, కలిసి దారి వెతకండి. పల్లీల పొడి వేయకముందే ఒక గిన్నెలో కూర తీసిపెడితే చాలు. గరిటె మాత్రం వేరే ఉండాలి. దానికి పెద్ద ఖర్చేం లేదు.

మూడోది, షుగర్ జబ్బుతో ఇన్సులిన్ తీసుకునే పిల్లలున్నారు. బాబాసాహెబ్ కూడా షుగర్‌తో బాధపడినవారే. సూది వేసుకున్న బిడ్డకు బువ్వ ఆలస్యమైతే చెమటలు పడతాయి, వణుకు వస్తుంది, కళ్లు తిరుగుతాయి. వెంటనే చక్కెర నీళ్లో గ్లూకోజో తాగించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయాలి.

నాలుగోది, తిన్న కాసేపటికే పెదవులు, నాలుక ఉబ్బినా, ఊపిరి అందకపోయినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోవద్దు. వెంటనే 108. దవాఖానలో వేసే అడ్రినలిన్ సూదే అక్కడ ప్రాణం నిలబెడుతుంది. ఈ గుర్తులు సార్లకూ పక్కన కూర్చునే దోస్తులకూ తెలియాలి.

ఐదోది, బడి కమిటీలో కూర్చోండి. వడ్డించే ముందు టీచరుతో సహా పెద్దవాళ్లు రుచి చూడాలని 2015 నియమాలు చెప్తున్నాయి. రుచి చూసేవాళ్లు ఇందులో ఏమేం వేశారని కూడా అడగాలి.

చివరిది మన గురించే. ఏప్రిల్ 14న, బుద్ధ పౌర్ణమి నాడు మనమూ పులిహోర వండి పంచుతాం. అందులో పల్లీలుంటాయి. ఎవరికైనా పడదా అని ఎన్నడన్నా అడిగామా? వచ్చే పౌర్ణమికి విహారంలో వంట మొదలుపెట్టే ముందు అడుగుదాం. బడిని ప్రశ్నించే నోరు ముందు మన గిన్నె దగ్గర తెరవాలి.

మా చెల్లె ఇప్పుడు బడికి పోయి చెప్పింది. పిల్లకు కూర వేరే గిన్నెలోంచి వస్తది. కూర్చునేది మాత్రం ఎప్పటి దోస్తుల మధ్యనే. ఒకరోజు పక్క పిల్ల చిక్కీ విప్పుతూ, "నీకు పడదు కదా, నేను అవతల తిని చేతులు కడుక్కొని వస్తా" అన్నదట. సమత అంటే ఏమిటో ఆ పదేళ్ల పిల్లకు ఎవరూ పాఠం చెప్పలేదు.

అక్కలారా, అన్నలారా, మీ బిడ్డకు ఏదైనా పడకపోతే దాచకండి. రేపే బడికి పోయి చెప్పండి. తిండి వేరు కావచ్చు. పంక్తి మాత్రం ఒక్కటే ఉండాలి. ఎవరైనా బిడ్డను పంక్తి నుంచి లేపితే, అప్పుడు మనమంతా లేద్దాం.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!