వీడ్కోలు పాట ఎవరి సొత్తు?

పాట ఎవరిది? కట్టినవానిదా, పాడినవారిదా, విన్నవారిదా? మేము చేసిన యొక తప్పు వలన ఈ ప్రశ్న మమ్ము చాలకాలము వెంటాడినది. ఆ తప్పు చెప్పుటకు ముందు దూరదేశపు కథ యొకటి చెప్పవలసియున్నది.

1915లో హాన్స్ లైప్ అను జర్మను యువకుడు రష్యా యుద్ధరంగమునకు పోవుటకు ముందు ఒక గీతము వ్రాసెను. సైనికశాల వాకిట దీపస్తంభము, దాని క్రింద చెలి, తిరిగి కలిసికొందుమో లేదో యను దిగులు - ఇంతే వస్తువు. 1938లో నోర్బెర్ట్ షుల్ట్జె దానికి బాణీ కట్టెను. మరుసటి యేడు లాలె ఆండర్సన్ అను గాయని దానిని గ్రామఫోను రికార్డుగా పాడినది. లోకమున "లిలీ మార్లీన్" అని పేరొందిన పాట ఇదియే. మొదట ఆ రికార్డును కొన్నవారు బహు కొద్దిమంది.

1941లో జర్మనులు బెల్‌గ్రేడు నగరమును పట్టుకొని, అచ్చటి రేడియోలో రాత్రి పదిగంటలకు కొంచెము ముందు ఈ రికార్డును మ్రోగింపసాగిరి. ఉత్తరాఫ్రికా యెడారిలో జర్మనులు వినిరి. వారితో పోరాడుచున్న ఆంగ్లసైనికులును వినిరి. మన బెంగుళూరు కేంద్రముగాగల మద్రాసు సాపర్లును ఆ యెడారిలో పోరాడిరి. వారికిని ఇంటి గుమ్మమున ఎదురుచూచు కన్నులు కలవు. 1944 నాటికి ఆ పాట ఆంగ్లములోనికి వచ్చినది. హిట్లరును ఎదిరించిన మార్లీన్ డీట్రిక్ దానిని అమెరికా సైనికులకు పాడి వినిపించినది.

అయితే ఆ బాణీ కట్టిన షుల్ట్జెయే ఇంగ్లండుపై బాంబులు వేయుడను రణగీతమునకును బాణీ కట్టెను. మరి ఆ మెత్తని పాటను ప్రేమించుట తగునా? తగునని మా అభిప్రాయము. పాట మంచిదైనంతమాత్రమున కట్టినవాని దోషము తొలగిపోదు. వాని దోషము పాటకు అంటదు. ఎడబాటు అనుభవించు ప్రతివారికిని ఆ పాటపై హక్కు కలదు.

ఇది మన సీమవారికి క్రొత్త మాట కాదు. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో ఇంట తెలుగు, బడిలో కన్నడము. కైవార నారాయణ తాత రెండు భాషలలోను పాడెను. ఆయన భజనలో ఎవరి భాష ఏదని అడుగువారు లేరు. కాని, అందరిదైన సొత్తును కాపాడువారెవరు? మా తప్పు ఇచ్చటనే యున్నది.

1990లో బాగేపల్లిలో మా చెల్లెలి పెండ్లి జరిగినది. అప్పగింతలనాడు మా మేనత్త పాడిన పాటను క్యాసెట్టులో పట్టితిమి. కొన్నాళ్ళకు ఆఫీసు సభలో ఒక అధికారి ఉపన్యాసమును పట్టుటకు వేరొక క్యాసెట్టు దొరకక, దానిమీదనే పట్టితిమి. ఆ ఉపన్యాసములో ఒక్క మాటయు నేడు మాకు జ్ఞాపకము లేదు. మరుసటి యేడు మేనత్త కాలము చేసినది.

ఆ పాటకై చింతామణి బంధువుల యిండ్లకు పోతిమి. వారికి రెండు చరణములకు మించి రావు. తుదకు చిక్కబళ్ళాపురములో మా పొరుగింటి కన్నడపు ముసలమ్మ పూర్తిగా పాడినది. "మీ అత్త పాటే అణ్ణా, ఆ పెండ్లిలో నేర్చుకొంటిని. మా బిడ్డను పంపేనాడు నేనూ ఇదే పాడితిని" అన్నది. మరచినచోటులలో కన్నడపు మాటలు చేర్చుకొన్నది. దిద్దబోయి నోరు మూసికొంటిమి. క్యాసెట్టు చేతనుండియు పాటను పోగొట్టినవారము మేము. ఏ యంత్రమును లేక నిలిపినది ఆమె.

నేడు ప్రతివారి జేబులోను ధ్వనిని పట్టు ఫోను కలదు. మన ముసలమ్మల పాటలను నేడే పట్టి యుంచుడు. కాని అంతటితో ఆగక, మీ యాడుబిడ్డలచేత పాడించుడు. పొరుగువారు వచ్చి నేర్చుకొందుమన్నచో వారికిని పీట వేయుడు.