బండి మోయగలిగే బరువు

అమెరికాలో ఆర్‌వీ కొనుక్కుని, పిల్లలతో సహా అందులోనే కాపురం పెట్టాలనుకునేవాళ్లు ముందు ఇంజను గురించి, వంటగది గురించి అడుగుతారు. మోటర్‌హోమ్ అయితే, నేను తలుపు దగ్గరున్న స్టిక్కర్ చూడమంటాను. మనుషులు, సామాన్లు కలిపి బండి ఎంత మోయగలదో అందులో ఉంటుంది. 60 గాలన్ల మంచినీళ్ల ట్యాంకు నింపితేనే 500 పౌన్లు. మరి తగ్గించాల్సింది ఎవరి సామాను? నాన్న పనిముట్లా, పిల్ల పుస్తకాలా? లెక్క ఇక్కడే నీతి ప్రశ్న అవుతుంది.

ఉద్యోగాల కోసం ఊళ్లు మారేటప్పుడు మాత్రం పిల్లల్ని అడుగుతున్నామా, అనొచ్చు. నిజమే, అడగం. కానీ కొత్త ఊళ్లో పిల్ల మళ్లీ స్నేహాలు కలుపుకునేదాకా ఉంటాం. ఇక్కడ అవి కుదిరేలోపే బండి కదులుతుంది.

జెస్సికా బ్రూడర్ ‘నోమాడ్‌లాండ్’ (2017)లో కనిపించే వృద్ధుల్లో చాలామంది ఇంటి ఖర్చు భరించలేక బండెక్కినవాళ్లు. డబ్బుండి ఎక్కినవాళ్లు కావాలంటే దిగిపోగలరు. వాళ్ల పిల్లలు దిగలేరు. అందుకే బండి ఎంచుకునేటప్పుడు రెండు చూడాలంటాను: పిల్ల తనకోసం వేసుకోగల తలుపొకటి, “ఇక చాలు” అంటే పెద్దవాళ్లు నిజంగా ఆగే ఒప్పందమొకటి. మొదటిది ఫ్లోర్‌ప్లాన్‌లో దొరుకుతుంది. రెండోది కొనకముందే మాట్లాడుకోవాలి.